చంపనివాళ్ల నేరం

సముద్రం మీద శవం కనిపిస్తే వేట ఆపి ఒడ్డుకు చేర్చాలని భావనపాడు తీరంలో పెద్దలు చెప్పగా వింటూ పెరిగాను. అందుకే ‘జిందాబైన్’ అనే ఆస్ట్రేలియా చిత్రం నన్ను వెంటాడుతోంది.

రే లారెన్స్ 2006లో తీసిన ఈ చిత్రంలో చేపల వేటకు వెళ్లిన నలుగురు మిత్రులకు నదిలో ఒక ఆదివాసీ యువతి మృతదేహం కనబడుతుంది. అది కొట్టుకుపోకుండా కాలికి దారం కట్టి, వాళ్లు వేట కొనసాగిస్తారు. హంతకుడెవరో ప్రేక్షకులకు ముందే తెలుసు. దర్శకుడు బోనెక్కించింది చంపినవాణ్ణి కాదు, చంపనివాళ్లను. ‘ఆమె తెల్లజాతి స్త్రీ అయివుంటే ఇలాగే చేసేవారా?’ అన్నదే చిత్రం నిలదీసే ప్రశ్న. అమెరికన్ రచయిత రేమండ్ కార్వర్ రాసిన మూలకథలో ఈ జాతి ప్రశ్న లేదు. లారెన్స్ బృందం దానిని తమ నేల నుంచి తెచ్చి చేర్చింది.

మన నేలకూ అలాంటి ప్రశ్న ఉంది. 2012 జూన్ 12న నాటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్షింపేటలో ఐదుగురు దళితులను హతమార్చారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమిని వాళ్లు సాగుచేసుకోవడమే ఆధిపత్య కులానికి కంటగింపయింది. కారంచేడు, చుండూరుల తర్వాత కూడా ఇది జరిగింది. హంతకుల సంగతి న్యాయస్థానాలు చూస్తాయి. విధులను కావాలని విస్మరించిన అధికారిని శిక్షించడానికి 1989 అత్యాచార నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. మరి ఆ వార్త చదివి, పత్రిక మడిచి, మన పనుల్లో పడిపోయిన మనకు ఏ సెక్షన్ వర్తిస్తుంది? ‘మేం చంపలేదు కదా’ అన్న మాటే మనం శవం కాలికి కట్టిన దారం.

చిత్రానికీ ఒక పరిమితి ఉంది. అది మృతురాలి జీవితం కంటే తెల్లవాళ్ల అంతరాత్మ చుట్టూనే ఎక్కువ తిరుగుతుంది. దళితుల దుఃఖాన్ని తమ పశ్చాత్తాపానికి సరుకుగా మార్చుకునే మన రచనల్లోనూ ఇదే లోపం. అయితే లారెన్స్ క్షమాపణను చవక చేయలేదు. అంత్యక్రియల దగ్గరికి వచ్చి క్షమించమన్న వ్యక్తిని ఆ యువతి తండ్రి అక్కున చేర్చుకోడు. క్షమించాలో వద్దో తేల్చే హక్కు బాధితులది. వేట ఆపడం మాత్రం మన బాధ్యత. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.