వంపులో బండి ఎందుకు ఒరుగుతుంది?

వరికోతల రోజుల్లో సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్ళే దారి పక్కన కాసేపు నిలబడి చూడండి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత యీ ప్రాంతం క్రమంగా వరిసీమ అయింది. వడ్లబస్తాలతో నిండిన ట్రాక్టర్లు, లారీలు మిర్యాలగూడ రైసుమిల్లుల వైపు సాగిపోతుంటాయి. వాటి మధ్య గడ్డి బళ్ళు కూడా వుంటాయి. పాత జీపుకు వెనక తొట్టి బిగించిన పికప్ బండి, దానిమీద మనిషి ఎత్తును మించి వరిగడ్డి, ఆ గడ్డిమీద యిద్దరో ముగ్గురో కూలీలు! కాలువ వంతెన దగ్గర మలుపు వచ్చేసరికి బండి మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. చూసేవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది.

ఏ పక్కకు ఒరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? బండి ఎడమవైపుకు తిరిగితే ఒరిగేది కుడివైపుకు. బస్సు మలుపు తిరిగేటప్పుడు మీరు ఎటు తూలుతారో అటే. దీనికి కారణం మీ పాఠ్యపుస్తకంలో వుంది. అదే జడత్వం. కదిలే వస్తువు తిన్నగా పోవాలని చూస్తుంది. టైర్లు నేలను పట్టుకుని బండి అడుగుభాగాన్ని లోపలివైపుకు లాగుతాయి. పైభాగం మాత్రం తిన్నగా పోబోతుంది. బండిలో కూర్చున్నవాడికి ఏదో బలం తనను బయటికి నెడుతున్నట్టు తోస్తుంది. ఆ తోచే బలాన్నే అపకేంద్ర బలం అంటాము.

బండి బరువంతా ఒకచోట కేంద్రీకరించినట్టు ప్రవర్తించే బిందువును గరిమనాభి అంటారని మీకు తెలుసు. అపకేంద్ర బలం యీ బిందువు దగ్గర పనిచేసి, బయటి చక్రాల మీదుగా బండిని పడదోయాలని చూస్తుంది. బండి బరువేమో దాన్ని నేలకు అదిమిపట్టాలని చూస్తుంది. గరిమనాభి ఎంత ఎత్తున వుంటే పడదోసే బలానికి అంత పట్టు చిక్కుతుంది. చక్రాల మధ్య వెడల్పు ఎంత ఎక్కువ వుంటే బండి అంత నిలదొక్కుకుంటుంది.

ఒక లెక్క వేద్దాం. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీ. అనుకోండి. సగం 0.7 మీ. మలుపు వ్యాసార్ధం 40 మీ. పడిపోయే వేగపు వర్గం యిలా వస్తుంది: వ్యాసార్ధం × 9.8 × (సగం వెడల్పు ÷ గరిమనాభి ఎత్తు). ఖాళీ బండికి గరిమనాభి 0.7 మీ. ఎత్తున వుంటే వేగపు వర్గం 392. అంటే సెకనుకు దాదాపు 20 మీటర్లు, గంటకు 71 కిలోమీటర్లు. నిజానికి ఖాళీ బండి ఆ వేగందాకా వెళ్ళనే వెళ్ళదు. పొడి రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, గంటకు 60 కి.మీ. దగ్గరే జారడం మొదలవుతుంది. జారడమూ ప్రమాదమే అనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు గడ్డి ఎక్కించండి. గరిమనాభి 1.4 మీ. ఎత్తుకు పోతే వేగపు వర్గం 196. సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కి.మీ. చూశారా! ఈ బండి జారకముందే పడిపోతుంది. జారే బండి టైర్లు కీచుమని డ్రైవరును హెచ్చరిస్తాయి. పడిపోయే బండి అంత వ్యవధి యివ్వదు.

కథ యింతటితో అయిపోలేదు. ఇంతవరకూ బండిని రాతిబండలాగా బిగుసుకున్న వస్తువుగా లెక్క కట్టాము. అసలు బండి అలా వుండదు. ఇరుసులమీద కమాన్ కట్టలు వుంటాయి, వాటిమీద ఛాసిస్ నిలుస్తుంది. మలుపులో బయటివైపు కమాన్ కట్ట అణుగుతుంది, లోపలివైపుది సాగుతుంది. బండి ఒరగడమంటే యిదే. ఒరిగినప్పుడు గరిమనాభి కూడా బయటి చక్రాల వైపు జరుగుతుంది. 10 సెంటీమీటర్లు జరిగిందనుకుంటే మనకు మిగిలిన సగం వెడల్పు 0.7 కాదు, 0.6 మాత్రమే. మళ్ళీ లెక్క కడితే గంటకు 50 కాస్తా సుమారు 47 అవుతుంది. డ్రైవరుకు తెలియకుండానే 3 కి.మీ. పోయాయన్నమాట!

ఈ ఒరుగుడును తగ్గించేందుకు ఒక వుపాయం వుంది. కమాన్ కట్టలనే మరీ గట్టివి వేస్తే సరిపోదా అంటారా? అప్పుడు ప్రతి చిన్న గుంతకూ బండిలోవాళ్ళ నడుములు విరుగుతాయి. గుంతలో మెత్తగా వుండాలి, మలుపులో గట్టిగా వుండాలి. రెండు గుణాలూ ఒకే కమాన్ కట్టలో కుదరవు. అందుకే వేరే ఒక కడ్డీ పెడతారు. మెకానిక్కులు దీన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. యాంటీ రోల్ బార్, స్వే బార్ అన్నా యిదే. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ అనే ఆయన దీనికి 1919లో పేటెంటు పొందాడు.

దాని పనితనం మీ చేతులతోనే తెలుసుకోవచ్చు. పాత సైకిలు చువ్వ ఒకటి తెచ్చుకోండి. రెండు చివరలా 6 సెం.మీ. చొప్పున ఒకే వైపుకు వంచండి. అది పలకలేని పెట్టె ఆకారంలో, మూడు వైపులా వుంటుంది. మధ్యభాగాన్ని చెక్కపలక అంచున పెట్టి, రెండుచోట్ల మేకులు వంచి వదులుగా పట్టివుంచండి. ఇప్పుడు రెండు చివరలనూ కలిపి పైకెత్తండి. కడ్డీ మేకుల్లో హాయిగా తిరుగుతుంది, ఏమీ ఎదురుతిరగదు. ఒక చివరను పైకీ రెండోదాన్ని కిందికీ నొక్కి చూడండి. చువ్వ మొరాయిస్తుంది! దాని మధ్యభాగం మెలిపడుతోంది. వదిలేయగానే స్థితిస్థాపకత వల్ల మళ్ళీ తిన్నగా వస్తుంది.

బండిలోనూ అంతే. కడ్డీ మధ్యభాగాన్ని రబ్బరు బుష్‌లలో పెట్టి ఛాసిస్‌కు బిగిస్తారు. రెండు చివరలనూ పొట్టి లింకులతో ఇరుసుకు కలుపుతారు. రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కితే కడ్డీ వూరికే తిరుగుతుంది. బండి ఒరిగితే ఒక చివర పైకీ మరొకటి కిందికీ పోవాలి గనుక మెలిపడి, ఒరగనివ్వనని అడ్డుపడుతుంది.

కడ్డీ లావు విషయంలో ఒక వింత వుంది. దాని బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. కడ్డీకి బదులు 24 మి.మీ. కడ్డీ వేస్తే బరువు 1.44 రెట్లే, బిగువు మాత్రం రెట్టింపు దాటుతుంది. ఇంకొకటి చూడండి. కడ్డీ నడిమధ్యన సగం వ్యాసం మేర తొలిచి పారేస్తే బరువులో నాలుగోవంతు పోతుంది, బిగువులో పోయేది 16వ వంతే. కొన్ని కార్లలో బోలు కడ్డీలు వేసే రహస్యం యిదే.

పాతకాలపు జీపులు చాలావాటికి యీ కడ్డీ ముందువైపు వుండేది కాదు. తరువాత బిగించుకోవచ్చు. కాని పనితెలిసిన మెకానిక్కే చేయాలి. బండిని సమతలం మీద నిలిపి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తిన తరువాత ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కింద దూరడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. బుష్‌లకు మామూలు గ్రీజు పూస్తే చాలారకాల రబ్బరు వుబ్బి పాడవుతుంది. సిలికోన్ గ్రీజు వాడాలి. నట్లన్నీ ముందు చేతితో బిగించి వదిలేస్తారు. బండిని చక్రాలమీదకు దించి, బరువంతా పడ్డాకనే పానాతో చివరి బిగింపు చేస్తారు. ఎందుకని? చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బండి దిగగానే బుష్‌ల రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. రెండు లింకుల పొడవూ సమానంగా వుండాలి. లేకపోతే తిన్నని రోడ్డుమీద కూడా కడ్డీ ఎప్పుడూ మెలిపడే వుంటుంది, బండి ఒకవైపు వాలి నిలుస్తుంది. తరువాత స్టీరింగును ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి, కడ్డీ ఎక్కడా తగలడంలేదని చూసుకోవాలి.

పాత ఇనుప కొట్లో దొరికిన వేరే బండి కడ్డీని గ్యాసు మంటతో కాల్చి, వంచి అమర్చేవాళ్ళున్నారు. ఇది తప్పు పని. కడ్డీని స్ప్రింగు ఉక్కుతో చేసి, లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చి పదును పెడతారు. మంట తగిలినచోట ఆ పదును పోతుంది.

ముందువైపే ఎందుకు? కడ్డీ వేసిన ఇరుసు దగ్గర బయటి టైరు మీద బరువు మరికాస్త పెరుగుతుంది. బరువు పెరిగినంతగా టైరు పట్టు పెరగదు. అందువల్ల ముందు టైర్లే మొదట పట్టు సడలిస్తాయి, బండి తిప్పినంతగా తిరగదు. వేగం ఎక్కువైందని డ్రైవరుకు తెలిసిపోతుంది. వెనక మాత్రమే గట్టిచేస్తే వెనకభాగం బయటికి విసురుకుపోవచ్చు. దాన్ని అదుపు చేయడం చాలా కష్టం.

మరి కడ్డీ వేశాక గడ్డి బండి నిశ్చింతగా మలుపు తిరగవచ్చా? లెక్కనే అడుగుదాం. కడ్డీ వల్ల గరిమనాభి 10 సెం.మీ.కు బదులు 6 సెం.మీ. జరిగిందనుకోండి. పడిపోయే వేగం 47 నుంచి 48కి వచ్చింది, అంతే! బయటి చక్రాల మీదికి పోయే మొత్తం బరువును కడ్డీ పెద్దగా తగ్గించలేదు, ముఖ్యంగా ఒరుగుడును తగ్గిస్తుంది. అదే బండిలో నాలుగు వరుసల గడ్డి దించేసి గరిమనాభిని 1.1 మీ.కు తెస్తే వేగం 54కి పెరుగుతుంది. పైగా ఒరుగుడు తగ్గిందని డ్రైవరు ధైర్యంగా వేగం పెంచితే, కడ్డీ యిచ్చిన ఆ ఒక్క కిలోమీటరూ ఎప్పుడో ఖర్చయిపోతుంది. లోడు మీద కూర్చున్న కూలీలకు పట్టుకునేందుకు గడ్డి తప్ప ఏమీ వుండదని మరిచిపోకండి.

పొలం బాటల్లో కడ్డీ కొంత యిబ్బంది కూడా పెడుతుంది. ఒక చక్రమే గుంతలో పడితే అది రెండో చక్రాన్నీ కుదుపుతుంది. అందుకే కొండబాటల్లో జీపు తోలేవాళ్ళలో కొందరు లింకులు విప్పేసి, తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ బిగిస్తారు. చిన్న గతుకుల్లో ముందువైపు నుంచి టకటకమని శబ్దం వస్తోందంటే లింకు నట్టు వదులైందో, బుష్ అరిగిందో చూడాలి. బుష్ అరిగిన కడ్డీ తన ఖాళీలో కొంత తిరిగాక గాని మెలిపడదు. ఆ కాస్త సేపూ బండికి కడ్డీ వున్నా లేనట్టే.