డీజిల్ కారు పికప్ పోయిందా? టర్బో మార్చే ముందు ఇవి చూడండి!

కారు ఆగిపోదు. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, ఏసీ చల్లగానే వస్తుంటుంది. కానీ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ముందుకు దూకదు. లారీని ఓవర్‌టేక్ చేస్తూ మధ్యలో ఉన్నప్పుడు ఇలా అయితే గుండె జారిపోతుంది. ఆ తర్వాత గ్యారేజీకి వెళ్తే చాలాసార్లు వినిపించే మొదటి మాట ‘టర్బో పోయింది’. అది నిజమైతే బిల్లు వేలల్లో ఉంటుంది. కాకపోతే చిన్న పైపుతోనో, ఫిల్టర్‌తోనో పనైపోతుంది. ఆ తేడా పట్టుకోవడం మనకి రాని విద్యేం కాదు.

అసలేం జరుగుతుంది?

డీజిల్ ఇంజిన్‌కి బలం కావాలంటే సరిపడా గాలి, సరిపడా డీజిల్ అందాలి. ఎగ్జాస్ట్ నుంచి వచ్చే వేడి గాలుల వేగంతో టర్బో తిరుగుతుంది. బయటి గాలిని నొక్కి, ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌లోకి పంపిస్తుంది. మరోపక్క పంపు డీజిల్‌ని కామన్ రైల్ అనే గొట్టంలోకి విపరీతమైన ప్రెషర్‌తో నెడుతుంది. ఈ లెక్కలన్నీ చూసుకునేది ఈసీయూ అనే కంప్యూటర్. సెన్సర్లు పంపే అంకెల్లో తేడా కనిపిస్తే, ఇంజిన్ పాడవకుండా అదే పవర్ తగ్గించేస్తుంది. దీన్నే ‘లింప్ మోడ్’ అంటారు. బండి కుంటుకుంటూ ఇల్లు చేరగలదు, పరిగెత్తలేదు.

ఒక్కోసారి ఆపి స్టార్ట్ చేస్తే పికప్ తిరిగొస్తుంది. హమ్మయ్య అనుకుని వదిలేయకండి. అసలు సమస్య ఇంకా అక్కడే ఉంటుంది.

పొగని చూస్తే సగం తెలిసిపోతుంది

నల్లటి పొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది కానీ గాలి చాలట్లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపులు, ఈజీఆర్ వాల్వ్ చూడాలి. పొగ లేదు, పికప్ కూడా లేదంటే డీజిల్ సరిగ్గా అందట్లేదేమో చూడాలి. ముందు డీజిల్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టండి. అందులో నీళ్లు చేరినా ఇదే పరిస్థితి. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. అప్పుడు టర్బో సీల్‌ని అనుమానించవచ్చు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో మాత్రం మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టేస్తుంది కాబట్టి నల్లపొగ కనిపించకపోవచ్చు. పైగా ఆ ఫిల్టరే నిండిపోయినా పవర్ పడిపోతుంది. రోజూ సిటీలో నాలుగైదు కిలోమీటర్లే తిరిగే కార్లకు ఈ బెడద ఎక్కువ. మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, అది ట్రాఫిక్‌లో రాదు. డీపీఎఫ్ లైట్ వెలిగిన కొత్తలోనే హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిపితే చాలావరకు సర్దుకుంటుంది.

ఫోనే స్కానర్

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్‌లో యాప్ తెరిస్తే కోడ్ కనిపిస్తుంది. పీ0299 అంటే టర్బో ప్రెషర్ రావాల్సినంత రావట్లేదు. పీ0087 అంటే రైల్‌లో డీజిల్ ప్రెషర్ తక్కువ. పీ0401 అంటే ఈజీఆర్‌లో ప్రవాహం చాలట్లేదు. పీ2463 అంటే డీపీఎఫ్‌లో మసి పేరుకుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. కోడ్ చెప్పేది ఏ లెక్క తప్పిందో మాత్రమే. ఏ పార్ట్ పోయిందో చెప్పదు.

నా కారు విషయంలో ఇది బాగా అర్థమైంది. పోయినేడాది హైదరాబాద్–విజయవాడ హైవే మీద, నాన్న పక్కన ఉండగా పికప్ పోయింది. కోడ్ పీ0299. దగ్గర్లోని ఓ పెద్ద గ్యారేజీలో కోడ్ చూసి, ‘‘టర్బో మార్చాలి, 58 వేలవుతుంది’’ అన్నారు. చెల్లి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. నాన్న ఏమీ అనలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇంకొకరికి చూపిద్దామని మెల్లగా సూర్యాపేట చేరాం.

అక్కడ చిన్న షెడ్డులో మెకానిక్ అన్న స్కానర్ ముట్టుకోలేదు. బానెట్ ఎత్తి, ‘‘జర రేస్ ఇయ్యి తమ్మీ’’ అని చెవి పెట్టి విన్నాడు. ‘స్స్’మని సన్నగా శబ్దం. ఇంజిన్ ఆపించి, ఇంటర్‌కూలర్ రబ్బరు పైపుని చేత్తో వంచితే వేలెడంత చీలిక తెరుచుకుంది. చుట్టూ ఆయిల్ తడి. ‘‘టర్బో మంచిగనే ఉంది. గాలంతా ఈడికెళ్లి పోతుంది’’ అన్నాడు. పైపు, కూలీ కలిపి 2,600 అయింది.

కళ్లతో చూశాక కూడా యాప్‌లో చెక్ చేశాను. ఇన్‌టేక్ ప్రెషర్ ఐడిల్‌లో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది, అది మామూలు వాతావరణ పీడనమే. పైపు మార్చక ముందు ఫుల్‌గా తొక్కినా 110 దాటలేదు. మార్చాక 200 దాటింది.

టర్బో నిజంగానే పోతే?

పోతుంది కూడా! సైరన్‌లా కూత, నీలం పొగ, ఆయిల్ త్వరగా తగ్గిపోవడం దాని గుర్తులు. ఇంజిన్ చల్లారాక, ఆపి ఉంచి, ఎయిర్ పైపు విప్పించి టర్బో చక్రాన్ని వేలితో తిప్పించండి. తేలిగ్గా తిరగాలి. పక్కలకి కొద్దిగా కదిలితే మామూలే. ముందుకీ వెనక్కీ ఆడుతున్నా, రెక్కలు గోడకి రాసుకుంటున్నా మార్చక తప్పదు.

రోడ్డు మీద అయితే

పవర్ పోగానే హజార్డ్ లైట్లు వేసి, వెనక చూసుకుంటూ ఎడమవైపుకి రండి. ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగినా, టెంపరేచర్ రెడ్‌లోకి వెళ్లినా సురక్షితమైన చోట వెంటనే ఇంజిన్ ఆపేయండి. టర్బో సీల్ పోతే అరుదుగా ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ, దట్టమైన పొగతో దానంతటదే రెచ్చిపోతుంది. తాళం తీసినా ఆగదు. గేరు కారైతే బండి నిలిపి, బ్రేక్ గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేర్ వేసి క్లచ్ వదలండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. ఆగకపోతే అందరూ దిగి దూరంగా వెళ్లండి.

గ్యారేజీలో మాత్రం మూడు అడగండి: కోడ్ ఏం వచ్చింది? పైపులన్నీ చూశారా? టర్బో చక్రం ఆట నాకు చూపిస్తారా? పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకి కోప్పడడు, పిలిచి మరీ చూపిస్తాడు.