గేటు దాటాక ఏమిటి?

1998 నవంబరులో హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటికి చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఇక్కడ కొలువులకు కొదవ లేదంటారు. ఉండొచ్చు. డిగ్రీ చేతబట్టుకుని వినికిడి లేని అమ్మాయి ఒకతె ఇంటర్వ్యూకి వెళ్లిందనుకోండి. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి అడిగింది ఆమెకు వినబడదు. పైఅంతస్తులో హెచ్‌ఆర్ వాళ్లకు సంజ్ఞా భాష రాదు. తెలివికి జరగాల్సిన పరీక్ష కాస్తా చెవులకు జరిగిపోతుంది. చూపులేని కుర్రాడైతే ఇంకా ముందే ఆగిపోతాడు: దరఖాస్తు పేజీలో బొమ్మలు గుర్తుపట్టమనే క్యాప్చాను స్క్రీన్ రీడర్ చదివి పెట్టలేదు.

మీరా షెనాయ్ 2012లో హైదరాబాద్‌లో నెలకొల్పిన యూత్‌ఫర్‌జాబ్స్ పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. అంతకుముందు ఆమె ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లె యువతకు ఉద్యోగాలు చూపించే సర్కారీ మిషన్‌లో పనిచేశారు. దివ్యాంగ యువతకు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పడం ఈ సంస్థ పనిలో ఒక సగం. కంపెనీ మేనేజర్లకు, తోటి ఉద్యోగులకు అవగాహన కలిగించడం రెండోది. నన్నడిగితే ఆ రెండో సగమే అసలైనది. అభ్యర్థిని ఎంత సానబెట్టినా ఆఫీసు మారకపోతే ఆ ఉద్యోగం మూణ్ణాళ్ల ముచ్చటే.

చట్టం ఉండగా ఈ సంస్థలెందుకు అనేవాళ్లున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, సర్కారీ కొలువుల్లో 4 శాతం వాటా ఇచ్చింది. ప్రైవేటు దగ్గరికొచ్చేసరికి స్వరం మెత్తబడింది: సిబ్బందిలో 5 శాతం దివ్యాంగులు ఉండేలా చూసే యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది, అంతే. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఈ ఐటీ కారిడార్‌లో కొలువులన్నీ దాదాపు ప్రైవేటువే. చట్టం బతిమాలే చోట ఎవరో ఒకరు తలుపు తట్టక తప్పదు.

ఇంకో అభ్యంతరం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: ఈ శిక్షణలన్నీ చివరికి కిందిమెట్టు కుర్చీలకే చేరుస్తాయని. కానీ ఆ మెట్టును తేల్చేది అభ్యర్థి సత్తా ఒక్కటే కాదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వలేమన్నారు. కోర్టుకెక్కి సీటు తెచ్చుకున్నాడు. ఎంఐటీలో చదివొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి దివ్యాంగులకు పని ఇచ్చాడు. రతన్ టాటా పెట్టుబడి పెట్టారు, 2024లో అతని కథతో హిందీ సినిమా కూడా వచ్చింది. (మనకు హీరో దొరికితే చాలు, మిగతా ఊరు గుర్తుండదు.) ఒక పిల్లాడు సైన్స్ చదవడానికి హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందంటే, ఆ మెట్లెక్కలేని వాళ్లెందరు ఆగిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు.

అందుకే ఈ ఏడాది ఎందరు దివ్యాంగులను చేర్చుకున్నారన్న లెక్క కంపెనీలు చూపిస్తే నాకు సరిపోదు. మూడేళ్ల తర్వాత వాళ్లలో ఎందరు మిగిలారు? ఎందరు టీమ్ లీడ్లయ్యారు? అలారం మోగినప్పుడు, వినబడని మనిషి కూర్చున్న చోట ఎర్రలైటు వెలుగుతుందా?