ముగింపు తెలియకముందే రాసుకోండి

నవలను పరీక్ష కోసం చదివే విద్యార్థి చేతిలో గైడు ఎలాగూ ఉంటుంది. దాని పక్కన సొంత నోటుబుక్కు ఒకటి చేరితే? కడప నేల మీద పుట్టిన ‘కొండపొలం’తోనే మొదలుపెట్టి చూద్దాం.

పుట్టపర్తి నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, కుర్రతనంలో తాను రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైంది. దాని మీద అడిగిన ఒక్క ప్రశ్నకే పుటలకు పుటలు రాస్తూ పోయి, మిగతావాటికి సమయం చాలక తప్పారని చెబుతారు. ఆయన ఏళ్ల తరబడి ఉన్న ప్రొద్దుటూరులో నవ్వుతూ చెప్పుకునే ముచ్చటే ఇది. కానీ అందులో చిక్కు నిజమైంది. పరీక్షకు కావలసింది కొలిచి రాసిన జవాబు. పుస్తకం మనలో రేపే తతిమ్మా అలజడికి జవాబుపత్రంలో చోటు లేదు. ఆ చోటే నోటుబుక్కు.

చెన్నూరు నుంచి కడప కాలేజీకి బస్సెక్కే పిల్లలకు గైడు కథాసారం చెబుతుంది, పాత్రచిత్రణ రాసిపెడుతుంది. నవల తెరవకుండానే గట్టెక్కవచ్చు. గైడు చెప్పలేనిది ఒక్కటే: చదువుతున్నప్పుడు మీకేమైందో.

మన జిల్లా నవలతో

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కడప జిల్లా రచయిత. ఆయన ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి గెలిచింది. 2021లో క్రిష్ దాన్ని సినిమాగా తీశారు. కరువులో మేతా నీళ్లూ దొరక్క కాపరులు జీవాలను నల్లమలకు తోలుకుపోతారు. చదువుకునీ ఉద్యోగం రాని కుర్రాడొకడు వాళ్ల వెంట నడుస్తాడు. కె.సి. కాలువ నీళ్లూ తమలపాకు తోటలూ చూసి పెరిగిన చెన్నూరు అమ్మాయికి ఆ కరువు సొంత జిల్లాదే అయినా కొత్తది. ఆ కొత్తదనమే రాయాలి.

పుట మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఆపిన వాక్యం, పుట సంఖ్య. కుడివైపు మీ మాట, ఇంట్లో మాట్లాడే యాసలోనే: “నేనైతే ఆ పొద్దే ఎనక్కొచ్చుందును. ఈ పిల్లోడు ఎందుకు రాల్యా?” ఇది సారాంశం కాదు, తగువు. నవలతో తగువు పెట్టుకున్నవాళ్లు దాన్ని మరిచిపోరు.

మంద నడిచిన దారిని పటంగా గీయండి. నవలాకారుడు నబకొవ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ ‘అన్నా కరేనినా’లోని రైలుపెట్టె లోపలి అమరికను బొమ్మ గీసి చూపేవాడు. ‘యులిసిస్’ కోసం డబ్లిన్ వీధుల పటమే వేశాడు. బొమ్మ అందంగా ఉండాలని కాదు. గీయబోతే తప్ప, ఎక్కడ సరిగా చదవలేదో తెలియదు.

తెలియని మాట తగిలితే అవ్వనో తాతనో అడగండి. వాళ్లు చెప్పిన అర్థంతోపాటు, చెబుతూ ఎత్తుకున్న కథ కూడా రాసుకోండి.

కొట్టివేత వద్దు

అన్నిటికన్నా విలువైనది ఊహ. సగంలో ఆగి, ఇక ఏం జరుగుతుందో తేదీ వేసి రాయండి. తప్పయితే కొట్టేయవద్దు. మీ చేత అలా ఎందుకు అనిపించాడో, ఎక్కడ దారి మళ్లించాడో వెతికితే రచయిత పనితనం దొరుకుతుంది. ముగింపు తెలిశాక రాసే అభిప్రాయంలో ఆ ఆనవాళ్లుండవు. ముందే తెలిసినట్టు మాట్లాడతాం.

ఈ పద్ధతికి కడపలో పాత దన్నే ఉంది. సి.పి. బ్రౌన్ ఇక్కడి తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్ర ప్రతులను పోల్చి చూయించాడు, పాఠభేదాలు రాయించాడు. ఆ చోటే ఎర్రముక్కపల్లెలో ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. నోటుబుక్కులోనూ మొదటి చదువు, రెండో చదువు పక్కపక్కనే ఉండాలి.

నచ్చలేదంటే చాలదు

సొంత మాట అంటే తోచిందల్లా చెల్లుతుందని కాదు. పులివెందుల ప్రాంతం పైడిపాలెం నుంచి వచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మనం రారా అనే ఆయన, 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక మొదలుపెట్టారు. మొహమాటం లేని విమర్శకుడని పేరు. “నచ్చలేదు” అని రాస్తే ఏ పుటలో, ఏ మాట వల్ల, ఎందుకు అని కిందనే రాయాలి. “అద్భుతం” అన్నా అంతే.

ఉపాధ్యాయులు ఈ పుస్తకాలకు మార్కులు వేయకపోవడమే మేలు. అక్షరదోషాలకు ఎర్రగీతలు పడితే పిల్లలు మళ్లీ గైడు భాషలోకి జారుకుంటారు. వారానికి ఒకసారి, ఇష్టమైనవాళ్లు ఒక పుట పైకి చదివితే చాలు. ఒకే సన్నివేశం దగ్గర ఇద్దరు రెండు రకాలుగా ఆగారని తెలిసిన రోజున తరగతిలో చర్చ తనంతట తానే లేస్తుంది. పాత్రచిత్రణ ప్రశ్న వచ్చిన రోజున ఆ పిల్లల దగ్గర పుట సంఖ్యలతో సహా సొంత ఆధారాలుంటాయి.

ఇప్పుడు చదువుతున్న నవల ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే ఆపండి. ఎలా ముగుస్తుందో ఈ రాత్రే రాయండి. తేదీ వేయడం మరవొద్దు.