తల దొరకని రాక్షసబల్లి

హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో ఒక రాక్షసబల్లి అస్థిపంజరం నిలిచి ఉన్నది. చూడవచ్చిన విద్యార్థుల దృష్టి సహజంగా దాని తలపైకి పోతుంది. అయితే ఆ తల మాత్రం మానవులు ఊహించి కూర్చినదే. తక్కిన ఎముకలు కూడా ఒక్క జంతువువి కావు.

ప్రాణహిత–గోదావరి లోయలో, అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద, 1970వ దశాబ్దం చివర 840 ఎముకలు బయల్పడ్డాయి. అవి 12 జంతువులవని తేలింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి 1988లో వాటిని వర్ణించి, ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. ఊరి పేరు ఆ విధంగా శాస్త్రంలో నిలిచిపోయింది. ఆ జంతువులు జీవించి 16 కోట్ల ఏళ్ళు దాటింది.

ఇంతకాలం ఎముక ఎట్లు నిలిచినది? నేలపై పడిన కళేబరాన్ని మాంసభక్షకులు, క్రిములు, ఎండవానలు కొద్దికాలంలోనే రూపుమాపుతాయి. వరద వచ్చి ఒండ్రు కప్పినప్పుడే దానికి రక్షణ. మాంసం కుళ్ళిపోగా ఎముక మిగులుతుంది. ఎముకలో రెండు పదార్థాలు కలవు: నారవంటి మాంసకృత్తు ఒకటి, కాల్షియం ఫాస్ఫేటు మరొకటి. మాంసకృత్తు క్రమంగా నశిస్తుంది. భూమిలోకి ఇంకిన నీరు సున్నము, సిలికా, ఇనుము మొదలైనవాటిని కరిగించుకొని వచ్చి, ఎముకలోని సన్నని రంధ్రాలలో పేరబెడుతుంది. పైన పొర మీద పొర పడి, ఆ బరువుకు ఒండ్రే రాయి అవుతుంది.

ఎముక పూర్తిగా మాయమై దాని స్థానంలో రాయి చేరుతుందని తరగతులలో తరచు చెప్పడం కద్దు. అన్నిచోట్లా అది నిజం కాదు. చాలా శిలాజాలలో ఫాస్ఫేటు కొంత మార్పు చెందినా నిలిచే ఉంటుంది. ఖాళీలు మాత్రమే నిండుతాయి. అందువల్లనే అటువంటి ఎముకను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒకనాడు నెత్తురు ప్రవహించిన నాళాల జాడలు అగుపిస్తాయి. కొన్నింటిలో చెట్టు మానులోని వలయాలవలె పెరుగుదల గీతలూ కనబడతాయి.

మరి తలలేమైనవి? ఈ జాతి జంతువుల పుర్రె చిన్నది, పలుచని ఎముకల కూర్పు. మెడతో దాని పట్టు బలహీనం. నీటి తాకిడికి అదే ముందు ఊడి కొట్టుకొనిపోతుంది, లేదా ముక్కలవుతుంది. పన్ను అట్లు కాదు; దానిమీది పింగాణీపొర శరీరంలోకెల్లా గట్టిది. యామన్‌పల్లిలో పుర్రె దొరకకపోయినా, చెంచా ఆకారపు పళ్ళు రెండు దొరికాయి. ఇది శాకాహారి అనడానికి అవీ సాక్ష్యమే.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్ర వైపున, అంతకుముందే బరపాసారస్ అనే మరొక రాక్షసబల్లి ఎముకలు దాదాపు 300 తవ్వితీశారు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరమైనందున దాని పేరులో ‘టాగోరై’ అని చేర్చారు. ఆ తవ్వకంలోనూ పళ్ళు లభించాయి, పుర్రె లభించలేదు.