పట్టు వదలని బోల్టు.. పట్టా చెప్పని పాఠం

ఇంజినీరింగ్ పూర్తయింది. చేతిలో పట్టా ఉంది. ఎదురుగా ఓ బోల్టు ఉంది. ఎంత లాగినా రావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఇంకాస్త గట్టిగా లాగుతారు కదా! నేనూ అదే చేశాను. ఫలితం.. పానా జారింది, చేతి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి, బోల్టు మూలలు అరిగాయి. ఆ రోజు మరిపెడలోని ఓ మెకానిక్ షెడ్డులో నేర్చుకున్న సంగతి తర్వాత ఇంటర్వ్యూ గదిలో పనికొచ్చింది. బీటెక్ మెకానికల్ చదివి ‘ఇక ఏం చేయాలి’ అని ఆలోచిస్తున్న వాళ్లతో అదే పంచుకుందామని ఇది రాస్తున్నా.

అసలేం జరిగిందంటే..

మాది మరిపెడ. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక మహబూబాబాద్‌లోకి వెళ్లింది. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే బస్సెక్కితే తొర్రూరు దాటాక మా ఊరే తగులుతుంది. రోడ్డు పొడవునా పంక్చర్ దుకాణాలు, ట్రాక్టర్ల షెడ్లు, వెల్డింగ్ షాపులు. చదువుకునే రోజుల్లో వాటి ముందు నుంచే కాలేజీకి వెళ్లేవాణ్ని. లోపలికి మాత్రం ఎప్పుడూ తొంగిచూడలేదు.

బీటెక్ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజులవి. మా బాబాయి పాత పెట్రోలు కారును కిరాయికి తిప్పేవాడు. ఇంజన్ ముందు భాగంలో ఆయిల్ కారుతోంది. క్రాంక్‌షాఫ్ట్ చివర ఉండే ఆయిల్ సీల్ పోయింది, టైమింగ్ బెల్టు కూడా నూనెలో తడిసిపోయింది. నూనె తాగిన బెల్టు ఎప్పుడైనా తెగొచ్చు. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లను తాకి వంగిపోతాయి. వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్తుంది. పైగా మర్నాడు పొద్దున్నే ఒకరిని ఖమ్మం ఆస్పత్రికి తీసుకెళ్తానని బాబాయి మాటిచ్చాడు. ‘ఇంజినీరు ఇంట్లో ఉండగా షెడ్డుకెందుకు’ అని నేనే ముందుకొచ్చా.

సీల్ మార్చాలంటే క్రాంక్‌షాఫ్ట్ పుల్లీని తీయాలి. పుల్లీ రావాలంటే దాని మధ్యలో ఉన్న ఒకే ఒక్క పెద్ద బోల్టు రావాలి. మధ్యాహ్నం మొదలుపెట్టా. సాయంత్రానికి బోల్టు అక్కడే ఉంది. నేను మాత్రం అలిసిపోయా. చివరికి కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్లాం.

మేస్త్రి అడిగిన మూడు ప్రశ్నలు

షెడ్డు మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. టార్చిలైటు వేసి బోల్టును చూశాడు. నన్నూ చూశాడు. తిట్టలేదు, నవ్వలేదు. ‘‘తమ్మీ, మూడు ముచ్చట్లు అడుగుత చెప్పు. ఈ ఇంజన్ ఎటు తిరుగుతది? నువ్వు బోల్టు గుంజేటప్పుడు అవతలి కొస ఎవరు పట్టుకున్నరు? నువ్వు పెట్టిన బలం ఎటు పోయింది?’’ అన్నాడు.

మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు చదివింది ఈ మూడు ప్రశ్నల గురించేనని అప్పటికి తట్టలేదు!

మొదటి ప్రశ్న: ఎటు తిరుగుతుంది?

ఎక్కువ బోల్టులు ఎడమకు తిప్పితే వదులవుతాయి, కుడికి తిప్పితే బిగుస్తాయి. కానీ అన్నీ కాదు. కొన్నిచోట్ల ఎదురు మరలుంటాయి. ఇంజన్లు కూడా అంతే. పుల్లీ వైపు నుంచి చూస్తే చాలా ఇంజన్లు గడియారం ముల్లులా తిరుగుతాయి. పాత హోండా ఇంజన్లలో చాలావరకు దానికి ఎదురు దిశలో తిరుగుతాయి.

ఇది తెలియకపోతే ఏమవుతుంది? కొందరు ఓ చిట్కా వాడతారు. పొడవాటి పిడిని బోల్టుకు తగిలించి, రెండో కొసను నేలకో ఛాసిస్‌కో ఆనించి, స్టార్టర్‌ను ఒక్క క్షణం తిప్పుతారు. ఇంజన్ తిరుగుతుంది, పిడి ఆగిపోతుంది, బోల్టు వదులవుతుంది. మామూలు మరలున్న బోల్టుకు, కుడివైపు తిరిగే ఇంజన్‌కు ఇది లెక్క ప్రకారం సరైనదే. ఎదురు తిరిగే ఇంజన్ మీద చేస్తే బోల్టు ఇంకా బిగుస్తుంది. పిడి జారితే మనిషికే తగులుతుంది. మేస్త్రి ఈ పని చేయడు, నన్నూ చేయొద్దన్నాడు. మీరూ చేయొద్దు. ఆ చిట్కా ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పగలిగితే మాత్రం మెకానిక్స్‌లో సాపేక్ష చలనం మీకు అర్థమైనట్టే.

రెండో ప్రశ్న: అవతలి కొస ఎవరు పట్టుకున్నారు?

సీసా మూత తీయాలంటే సీసాను పట్టుకోవాలి కదా! బోల్టు తిప్పితే క్రాంక్‌షాఫ్ట్ కూడా తిరిగిపోతుంది. దాన్ని ఆపాలి. నేనేం చేశానంటే, కారును టాప్ గేరులో పెట్టి, తమ్ముడిని బ్రేకు తొక్కమన్నా. పద్ధతి తప్పు కాదు. కానీ క్రాంక్‌షాఫ్ట్ నుంచి బ్రేకు దాకా మధ్యలో క్లచ్ ప్లేటు స్ప్రింగులు, గేర్ల మధ్య ఖాళీలు, ఇంజన్‌ను మోసే రబ్బరు దిమ్మెలు ఉన్నాయి. నేను లాగిన ప్రతిసారీ అవన్నీ కొంచెం కొంచెం సాగి, మళ్లీ వెనక్కి వచ్చాయి. బోల్టుకు చేరింది తక్కువ.

మేస్త్రి ఓ పాత ఇనప పట్టీ తీశాడు. ఆయనే చేసుకున్నది. దానికి రెండు చిన్న బోల్టులు. వాటిని పుల్లీకి ఉన్న రంధ్రాల్లో బిగించి, పట్టీ రెండో కొసను ఛాసిస్‌కు ఆనించాడు. ఇక పుల్లీ కదలదు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో దీనికి ప్రత్యేకమైన హోల్డర్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఫ్లైవీల్‌ను లాక్ చేసే పనిముట్టు వాడతారు. స్క్రూడ్రైవర్‌ను ఫ్లైవీల్ పళ్లలో దూర్చి ఆపేవాళ్లూ ఉన్నారు. పన్ను విరిగితే ఇంజన్, గేర్‌బాక్సు విడదీయాల్సిందే. అది దొంగ దారి.

మూడో ప్రశ్న: బలం ఎటు పోయింది?

ఇక్కడే మన సిలబస్ పూర్తిగా ఉంది. టార్క్ అంటే బలం గుణకారం దూరం. ఎనిమిదో తరగతి పిల్లాడికీ తెలుసు. లెక్క వేసి చూడండి. బోల్టు వదులవడానికి 300 న్యూటన్ మీటర్లు కావాలనుకుందాం. 30 సెంటీమీటర్ల పిడితో అయితే 1000 న్యూటన్ల బలం కావాలి. అంటే దాదాపు 100 కిలోల బరువు వేలాడదీసినంత! అదే మీటరు పొడవున్న పైపు తొడిగితే 300 న్యూటన్లు.. సుమారు 30 కిలోలు చాలు.

అన్ని బోల్టులూ ఒకటే కాదని కూడా ఈ లెక్కే చెబుతుంది. మామూలు కారు చక్రం నట్లను 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా బిగిస్తారు. కొన్ని పాత హోండా అకార్డ్ వీ6 ఇంజన్ల క్రాంక్ పుల్లీ బోల్టుకు 245 న్యూటన్ మీటర్లు. ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, తుప్పు పట్టాక అది ఇంకా మొండికేస్తుంది. నిజానికి శుభ్రంగా ఉన్న బోల్టును విప్పడానికి బిగించినప్పటికన్నా తక్కువ టార్కే సరిపోతుంది. ఎక్కువ కావాల్సి వస్తోందంటే తుప్పో, మరలకు పూసిన లాకింగ్ ద్రవమో అడ్డుపడుతోందన్న మాట.

నేనూ పైపు తొడిగాను కదా, మరి ఎందుకు రాలేదు? రెండు తప్పులు. ఒకటి, నేను వాడింది పన్నెండు మూలల సాకెట్. అది బోల్టును మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్ అయితే చదును భాగాన్ని పట్టుకుంటుంది, మూలలు అరగవు. రెండోది, సాకెట్‌కు పొడవాటి ఎక్స్‌టెన్షన్ వేసి దాని కొసను గాల్లో వదిలేశా. లాగినప్పుడల్లా అది వంగి, బోల్టు మీద అడ్డంగా కూర్చుంది. నా బలంలో సగం బోల్టును తిప్పడానికి కాకుండా సాకెట్‌ను ఒరిగించడానికే పోయింది.

మేస్త్రి బోల్టు తలను వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి, ‘చాయ్ తాగొద్దాం పా’ అన్నాడు. వచ్చాక ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో గట్టిగా కూర్చోబెట్టాడు. ఎక్స్‌టెన్షన్ కింద, పిడికి దగ్గరగా, ఓ స్టాండు పెట్టాడు. పైపు తొడిగి, ‘‘జటక ఇయ్యకు. బరువు మెల్లగ పెట్టు. ఊడితె చెయ్యి ఎటు పోతదో ముందుగాల చూసుకో’’ అన్నాడు.

మెల్లగా ఒరిగా. ‘టక్’మని చప్పుడు. పైపు ఒక్కసారిగా కిందికి వచ్చింది. విరిగిందేమోనని గుండె ఆగింది. విరగలేదు. వదులైంది.

‘గన్ను వాడొచ్చుగా?’

వాడొచ్చు. ఇంపాక్ట్ గన్ను ఒకే బలంతో లాగదు. సెకనులో ఎన్నోసార్లు చిన్న సుత్తి దెబ్బలు కొడుతుంది. తుప్పు పట్టు వదలడానికి ఆ కుదుపు బాగా పనిచేస్తుంది. కానీ సన్నని, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వేస్తే అది మెలితిరిగి స్ప్రింగులా దెబ్బను మింగేస్తుంది. అందుకే గన్నుకు వీలైనంత పొట్టి, మందపాటి సాకెట్ వాడాలి. అది కూడా ఇంపాక్ట్ కోసం చేసిందే అయ్యుండాలి. మామూలు సాకెట్ పగిలితే ముక్కలు కంట్లోకి వస్తాయి.

వేడి చేస్తే? గట్టి రకం లాకింగ్ ద్రవం మెత్తబడాలంటే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ కావాలి. పక్కనే రబ్బరు సీల్ ఉంటుంది. చాలా పుల్లీల లోపల కంపనాలను తగ్గించే రబ్బరు వలయం ఉంటుంది. పెట్రోలు గొట్టాలూ దూరంగా ఉండవు. కాబట్టి మంట చివరి మార్గం, అదీ తెలిసినవాళ్ల చేతిలో. బోల్టు వచ్చాక పుల్లీని అంచు పట్టుకుని పుల్లర్‌తో లాగినా ఆ రబ్బరు చిరుగుతుంది. మధ్య భాగాన్ని పట్టుకునే పుల్లరే వాడాలి.

విప్పడం సగమే!

సీల్, బెల్టు మార్చాక బిగించేటప్పుడు మేస్త్రి టార్క్ రెంచ్ తీశాడు. ‘విప్పిన పైపుతోనే బిగిద్దాం’ అన్నా. తల అడ్డంగా ఊపాడు. ఎందుకో తర్వాత పుస్తకం తీస్తే అర్థమైంది. బోల్టుకు మనం ఇచ్చే టార్క్‌లో స్థూలంగా సగం తల కింది ఘర్షణకే పోతుంది. మరో 40 శాతం మరల ఘర్షణకు. బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది దాదాపు పదో వంతే. మరల మీద నూనె ఉందా లేదా అన్న చిన్న తేడా కూడా ఆ పదో వంతును తారుమారు చేస్తుంది. తక్కువ బిగిస్తే పుల్లీ ఊగి కీ, దాని గాడి అరిగిపోతాయి. ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతుంది. కొన్ని బోల్టులను కొంత టార్క్ ఇచ్చాక ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెబుతుంది. అలాంటి వాటిలో కొన్నింటిని ఒక్కసారే వాడాలి, మళ్లీ కొత్తది వేయాలి.

బాబాయి కారు రాత్రి పదకొండుకు షెడ్డు దాటింది. పొద్దున ఖమ్మం కిరాయి తప్పలేదు.

ఇంటర్వ్యూలో ఇదెలా పనికొచ్చింది?

నా మొదటి ఇంటర్వ్యూ ఘోరం. ఫైనలియర్ ప్రాజెక్టు గురించి అడిగారు. అది డబ్బిచ్చి చేయించుకున్నది. రెండో ప్రశ్నకే దొరికిపోయా. తర్వాత ఓ చోట ‘నీ చేతులతో బాగుచేసిన వస్తువేదైనా చెప్పు’ అన్నారు. బోల్టు కథ చెప్పా. నా తప్పులతో సహా. వాళ్లు ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారు. ఆరు మూలలు ఎందుకు? ఘర్షణ ఎంత? గన్ను ఎందుకు పనిచేస్తుంది? అన్నింటికీ జవాబులున్నాయి, ఎందుకంటే అవి నేను కంఠస్థం చేసినవి కావు.

ఈ రంగంలో అవకాశాలు ఎక్కడో లేవు. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు, పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు ఉన్నాయి. ఆధునిక ప్లాంట్లలో కీలకమైన బోల్టులను కంప్యూటర్‌కు అనుసంధానమైన నట్ రన్నర్లు బిగిస్తాయి. ఎంత టార్క్, ఎంత కోణం అన్నది నమోదవుతుంది. ఆ గ్రాఫ్ చూసి ‘ఇక్కడ మర పోయింది’ అని చెప్పగలిగే వాళ్లు కావాలి. ఎలక్ట్రిక్ కార్లలో క్రాంక్ బోల్టు ఉండదు, నిజమే. కానీ బోల్టులుంటాయి, టార్క్ ఉంటుంది.

ఏ దారిలో వెళ్లొచ్చు?

* పదో తరగతి అయినవాళ్లకు: ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు. 2024లో రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది.

* డిప్లొమా, బీటెక్ అయినవాళ్లకు: నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ కింద ఏడాది శిక్షణ. స్టైపెండ్, చివర్లో సర్టిఫికెట్ ఉంటాయి.

* ఇంకా చదువుతున్నవాళ్లకు: సెలవుల్లో మీ ఊరి షెడ్డులో రెండు వారాలు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. నోటుబుక్కు తీసుకెళ్లండి. రోజూ ఒక పని ఎంచుకుని, అది ఎందుకు అలా చేశారో రాత్రికి మీ పాఠ్యపుస్తకంలో వెతకండి.

మీరే విప్పాల్సి వస్తే..

* ముందు మాన్యువల్ చూడండి: మరల దిశ, టార్క్, బోల్టు మళ్లీ వాడొచ్చా లేదా.
* బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. కారు స్టాండ్ల మీద ఉండాలి, ఒట్టి జాకీ మీద కాదు.
* కంటికి అద్దాలు పెట్టుకోండి. పిడి ఊడి వచ్చే దారిలో మీ చెయ్యి, ముఖం ఉండకూడదు.
* రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే ఆగండి. మూడోసారి గట్టిగా లాగే ముందు మేస్త్రి అడిగిన మూడు ప్రశ్నలు మీరే వేసుకోండి. జవాబు దొరకకపోతే షెడ్డుకు వెళ్లి అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు. నేను అడగడానికి ఆరు గంటలు ఆలస్యం చేశాను, అంతే.