తీరమున బిగించిన మూత

నిన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలోనిదై, 2022లో తిరుపతి జిల్లాకు చేరిన శ్రీహరికోట దీవినుండి, 1979 ఆగస్టు 10వ తేదీన, అబ్దుల్ కలాముగారి సారథ్యమున నిర్మితమైన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలిసారిగా పైకెగసి, రెండవ దశ అదుపు తప్పుటచే బంగాళాఖాతమున కూలిపోయెను. ఆ దశను తిన్నగా నడుపవలసిన నియంత్రణ వ్యవస్థలోని ధూమాయమాన నత్రికామ్లము, మూసుకొనక నిలిచిన యొక కవాటముగుండ ముందే కారిపోవుటయే అందులకు కారణమని తేలినది. అంతకు ఆరేండ్లు పూర్వము, 1973 నవంబరు 3న, నత్రికామ్లమే గాజుసీసాలలో, న్యూయార్కు నుండి బయలుదేరిన పాన్ అమెరికన్ సరుకు విమానమెక్కినది. సీసాలు పగులకుండుటకై చుట్టును రంపపుపొట్టు కూరిరి. ఆమ్లము కారి పొట్టును తాకగా పుట్టిన పొగయే విమానమును క్రమ్ముకొన్నదని దర్యాప్తు జరిపినవారు భావించిరి. బోస్టనులో దిగబోవుచు అది కూలి, అందున్న ముగ్గురును మరణించిరి.

మొదటిది యంత్రదోషము, రెండవది, నా దృష్టిలో, శిక్షణాలోపము. నత్రికామ్లము చర్మమును కాల్చు ఆమ్లము మాత్రమే కాదు. తనయందలి ప్రాణవాయువును కొయ్యపొట్టు వంటి పదార్థములకందించి వానిని మండింపజేయగల ఆక్సీకారి. ఈ సంగతి నెరిగిన చేయి దాని చెంత రంపపుపొట్టు నుంచదు. ఎరుగని చేతికి ఆ పొట్టు మెత్తని పరుపుగనే తోచును.

నెల్లూరు తీరమున రొయ్యల హేచరీలలో పనిచేయువారికి ఇట్టి ద్రవ్యములు క్రొత్తవి కావు. సీడు, అనగా రొయ్యపిల్లల, సంచులలో నింపుటకు ఆక్సిజన్ సిలిండరు, తొట్లు శుద్ధిచేయుటకు బ్లీచింగు పౌడరు, ఫార్మాలిన్: ఇవన్నియు నిత్యమును చేతికి తగులునవే. విమానయాన నిబంధనలు అపాయద్రవ్యములను తొమ్మిది తరగతులుగా విభజించినవి. ఈ మూడును ఏదో యొక తరగతిలో చేరును. నేలమీద నిరపాయముగ వాడుకొన్నామను ధైర్యమే, వీనిని విమానమున పంపునపుడు, అన్నిటికంటె పెద్ద చిక్కు. ప్రాణవాయువు తాను మండదు, మంటను పోషించును. 1996 మే 11న ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానము చిత్తడినేలలలో కూలి 110 మంది మరణించుటకు, సామానుగదిలో నుంచిన పాత ఆక్సిజన్ జనకములే మూలము. అవి ఖాళీవని కాగితమున వ్రాసిరి. కాని ఖాళీవి కావు, వానికుండవలసిన రక్షక మూతలును లేవు. పెట్టె కట్టినవాడు, కాగితము వ్రాసినవాడు, పెట్టెను పుచ్చుకొన్నవాడు, వీరిలో ఏ యొక్కరు ఆగి ప్రశ్నించినను ఆ సరుకు విమానమెక్కెడిది కాదు.

విమానము పైకెక్కినకొలది పరిసరములే మారును. లోపలి గాలిపీడనము సుమారు 2,400 మీటర్ల ఎత్తున నుండు పీడనమునకు, అనగా సముద్రమట్టపు పీడనములో ముప్పాతికకు దిగును. కావున సముద్రపుటొడ్డున బిగించిన సీసాలోని గాలి, పైకి పోయిన పిదప మూతను లోపలినుండి నెట్టుచుండును. అందుచేతనే ద్రవములు నింపు పాత్రలు 95 కిలోపాస్కలుల పీడనభేదమునకు కారక నిలువవలెనని నిబంధన. చలువకై వాడు డ్రై ఐసు ధర్మము వేరు. అది కరగి నీరు కాదు, నేరుగా వాయువై కిలోకు అయిదువందల లీటర్లకు మించి వ్యాపించును. దానికి దారి విడువక గట్టిగ మూసిన పెట్టె పగులును.

1956 నుండి అంతర్జాతీయ విమానయాన సంఘము ప్రకటించుచున్న నిబంధన గ్రంథము నేడు ఏటేట సవరింపబడుచున్నది. మన దేశమునందు అపాయద్రవ్యముల విమాన రవాణాకై 2003లో నియమములు వెలువడినవి. సిబ్బంది 24 నెలలకొకసారి తిరిగి శిక్షణ పొందవలెను. పూర్వము అందరకు నొకే పాఠము చెప్పి పరీక్ష పెట్టెడివారు. 2023 నుండి, ఎవరి పనికి తగిన సామర్థ్యమును వారిచేత చేయించి చూచు పద్ధతి తప్పనిసరియైనది. ఇది మేలైన మార్పు. అయినను, ఆ గ్రంథము తెలుగున లేదు. కోవూరు, అల్లూరు ప్రాంతములలో పెట్టెలు కట్టు పనివానికి, ఏ సంకేతపు చీటీ దేనిని సూచించునో, ఎందులకు సూచించునో, వాని మాటలలోనే బోధింపవలసియున్నది. ఎందులకో తెలియనివానికి చీటీ వట్టి రంగుకాగితమే.

తెలిసిన చోటను ప్రమాదము పొంచియే యుండును. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారమున మంటలు చెలరేగి ఆరుగురు మరణించిరి. అట్టి కర్మాగారములలో భవనమునకు భవనమునకు నడుమ దూరము, ఒకేచోట నుండదగిన మనుష్యుల సంఖ్య ముందే నిర్ణయింపబడును. విమానమున ఆ దూరము దొరకదు. అక్కడ మిగులు రక్షణ ముందుచూపు మాత్రమే. అపాయద్రవ్యము లెక్కినపుడు, ఏ వస్తువు, ఎంత, ఏ గదిలో నున్నదో తెలుపు పత్రమును బయలుదేరక మునుపే కెప్టెనుకు అందజేయుదురు. మంట పుట్టినచో ఆయన ఆ వివరమునే నేలమీది అగ్నిమాపక దళమునకు చేరునట్లు తెలుపును. ఆ పత్రమున నుండునదంతయు, తీరమున పెట్టె కట్టి పంపినవారు తెలిపిన దానినుండి వచ్చినదే.